రెండు ఫ్లాట్లు, ఒక షట్టర్: పదేళ్ల కిరాయి పంచాయితీలు

మా ఇంట్లో కిరాయి వ్యవహారాలు చూసేది నేనే. మా ఆయన వల్ల కాదు. ఎవరైనా గడప దగ్గర నిలబడి "సార్, ఈ నెల కొంచెం ఇబ్బంది..." అనగానే "పోనీలే బాబూ, వచ్చే నెల చూసుకుందాం" అనేస్తారు. నేను ముప్పై ఏళ్లు సర్కారు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. నాకు పోనీలే అనడం రాదు. రాకపోవడం వల్ల ఎంత నష్టపోయానో తెలియడానికి మాత్రం కొన్నేళ్లు పట్టింది.

మాకున్నవి మూడు. 2014లో లోను తీసుకుని మియాపూర్‌లో కొన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు, 2017లో చందానగర్‌లో కొన్న ఇంకో ఫ్లాటు, హనుమకొండలో మా మామగారి ఇంటి ముందున్న ఒక షట్టర్. మియాపూర్ ఫ్లాటుకి 38 లక్షలు పెట్టాం. మొదట వచ్చిన కిరాయి నెలకు 12,000. అంటే ఏడాదికి 1,44,000, నూటికి నాలుగు కూడా పడలేదు. అందులో ఒక నెల ఖాళీ పడితే పన్నెండో వంతు ఎగిరిపోయినట్టే. ఈ చిన్న భాగహారం నేను అప్పుడు చేయలేదు. పిల్లలతో మాత్రం రోజూ చేయించేదాన్ని.

మొదటి పంచాయితీ అడ్వాన్సు మీద. 2015లో వచ్చిన కిరాయిదారుకి భార్య, ఇద్దరు పిల్లలు. రెండు నెలల అడ్వాన్సు 24,000. వంద రూపాయల స్టాంపు పేపరు మీద పదకొండు నెలల అగ్రిమెంటు. జిరాక్స్ షాపులో ఉన్న నమూనాలో పేర్లు మార్పించి, నోటరీ ముద్ర వేయించాం. అందులో ఏముందో ఆయన చదవలేదు, నేనూ చదవలేదు. పదకొండు నెలలే ఎందుకని అడిగితే "అందరూ అంతే రాసుకుంటరు మేడమ్" అన్నాడు షాపతను. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఏడాది దాటిన లీజుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి అని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం చెబుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి దేశమంతా పదకొండు దగ్గర ఆగుతోంది.

2018 జనవరిలో ఫోన్ వచ్చింది. "మేడమ్, మార్చి ఆఖరుకి ఖాళీ చేస్తున్నాం. ఫిబ్రవరి, మార్చి కిరాయి అడ్వాన్సులో పట్టుకోండి."

హైదరాబాదులో ఇల్లు కిరాయికిచ్చిన ప్రతివాళ్లూ ఈ మాట విని ఉంటారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అడ్వాన్సు ఉన్నది గోడలు, సామాన్లు పాడైతే పట్టుకోవడానికి కదా, అదీ కిరాయి కింద పోతే ఇక నా చేతిలో ఏముంటుంది? మార్చి 31న తాళంచెవులు తీసుకోవడానికి వెళ్లి గోడలకు మేకులు కొట్టిన రంధ్రాలు లెక్కపెట్టాను. 43. హాల్లో చిన్నపిల్ల క్రేయాన్లతో గీసిన బస్సు. వంటింట్లో పొయ్యి వెనక టైల్స్ మీద నూనె జిడ్డు. బెడ్‌రూమ్ గోడకు ఏసీ పైపు కోసం కొట్టిన కన్నం. పెయింటర్ 22,000 అడిగాడు. నేను అందులో 15,000 ఇమ్మన్నాను. "మూడేళ్లున్నాం మేడమ్, గోడలు మాసిపోవా?" అన్నాడాయన. మాటా మాటా పెరిగింది. వాచ్‌మన్ పైకొచ్చి చూశాడు. చివరికి ఆయన ఒక్క రూపాయి ఇవ్వలేదు, 2,340 రూపాయల కరెంటు బిల్లు కూడా నాకే వదిలేసి పోయాడు.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన, "మూడేళ్లు పిల్లలు తిరిగిన ఇల్లు. మన గోడలు ఎట్లున్నయో ఒకసారి చూడు" అన్నారు. చూడలేదు. కోపంలో ఉన్నాను.

ఆ మనిషి మాటలో న్యాయం ఉందని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో కిరాయిదారు ఇంటిని ఎలా తీసుకున్నాడో అలాగే అప్పగించాలని ఉంది, కానీ మామూలు వాడకంలో జరిగే అరుగుదల దానికి మినహాయింపు. మాసిన సున్నం అరుగుదల. ఏసీ కన్నం అరుగుదల కాదు. నేను రెంటినీ ఒకే మూట కట్టి అడిగాను కాబట్టి రెండూ పోయాయి. కన్నం వరకే అడిగి ఉంటే వెయ్యో రెండు వేలో చేతిలో పెట్టి వెళ్లేవాడేమో.

దానికి మించిన తప్పు ఆ తర్వాత చేశాను. ఈసారి మంచివాళ్లనే పెట్టుకుంటానని పట్టుబట్టాను. బ్యాచిలర్లు వద్దు, కుక్కలు వద్దు, మాంసం వండకూడదు. (మా ఇంట్లో ఆదివారం ఏం వండుకుంటామో అడక్కండి. అపార్ట్‌మెంట్‌లో ఎవరో అలా అడుగుతుంటే విని నేనూ మొదలుపెట్టాను. ఒకతను నా ప్రశ్నకి జవాబివ్వకుండా నా మొహంలోకి చూసి వెళ్లిపోయాడు. ఆ చూపు తర్వాత మానేశాను.) ఆ ఏరుడులో నెలన్నర ఇల్లు ఖాళీగా ఉంది. 15,000 కోసం గొడవపడి 22,000 పైన పోగొట్టుకున్నాను.

అప్పుడు కూర్చుని ఆలోచిస్తే ఒకటి తట్టింది. చివరి రెండు నెలల కిరాయి ఎందుకు ఎగ్గొడతారు? అడ్వాన్సు తిరిగిరాదనే భయం వల్ల. ఆ భయం ఎవరు పెట్టారు? నాలాంటి ఓనర్లే. ఖాళీ చేసిన రోజున గోడలు తడిమి చూసి, "పెయింటింగ్ అయ్యాక లెక్క చూసి వేస్తాం" అని నెలల తరబడి తిప్పించుకునేది మేమే. "అడ్వాన్సును కిరాయి కింద సర్దరాదు" అని అగ్రిమెంటులో ఎంత గట్టిగా రాసుకున్నా, ఆ భయం ఉన్నంత కాలం ఆ వాక్యానికి విలువ లేదు.

అందుకని 2018 మే నెలలో వచ్చిన కొత్తవాళ్లకి రెండు పనులు చేశాను. ఒకటి, తాళాలు ఇచ్చేరోజే ఫోన్‌లో ఇల్లంతా వీడియో తీశాను. తలుపు గడియలు, స్విచ్చులు, నల్లాలు, కమోడ్ ఫ్లష్, గోడల మూలలు, కరెంటు మీటరు రీడింగు. తీస్తూనే వాళ్లకీ పంపాను. రెండు, అగ్రిమెంటులో ఇలా రాయించాను: చివరి నెల కిరాయి కట్టి, సామాన్లు సర్దుతున్న రోజునే సగం అడ్వాన్సు వాపసు, మిగతా సగం తాళాలిచ్చిన ఏడు రోజుల్లో. తీసివేతలు ఉంటే బిల్లు చూపించి మాత్రమే. పెయింటింగుకి ఒక పైసా పట్టుకోను. జిరాక్స్ షాపులో ఆ పేరా చూసి "ఇట్ల ఎవరూ రాయరు మేడమ్" అన్నాడు. ఆనాటి నుంచి ముగ్గురు ఖాళీ చేశారు. ఒక్కరూ ఆఖరి కిరాయి ఎగ్గొట్టలేదు.

అప్పటికి మెట్రో వచ్చి ఆర్నెల్లు కూడా కాలేదు. మియాపూర్ నుంచి రైళ్లు 2017 నవంబరులో మొదలయ్యాయి. స్టేషన్‌కి నడిచిపోయే దూరం అనగానే 15,000 అడిగినా బేరం ఆడలేదు. వచ్చినవాళ్లు కాకినాడ వాళ్లు. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు, ఒక పాప, అతని తల్లి. ఆవిడ వచ్చినరోజే పాలు పొంగించి నాకూ ఒక గ్లాసు పరమాన్నం పంపింది. ఈవిడ మళ్లీ వస్తుంది.

వీళ్లతో వచ్చిన మొదటి పేచీ రసీదుల గురించి. జనవరిలో అతను ఫోన్ చేసి, "ఆంటీ, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏకి రెంట్ రసీదులు కావాలి. కొంచెం ఎక్కువేసి, ఇరవై అని రాసివ్వగలరా? మీకేం నష్టం ఉండదు" అన్నాడు. హెచ్‌ఆర్‌ఏ అంటే జీతంలో ఇంటి అద్దె కింద ఇచ్చే భత్యం, కిరాయి రసీదులు చూపిస్తే దాని మీద పన్ను తగ్గుతుంది. ఏడాది కిరాయి లక్ష దాటితే ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఆ అంకె నా పాన్ మీదికి ఎక్కుతుంది, నేను చూపించే ఆదాయంతో సరిపోవాలి. "నష్టం ఉంది బాబూ. నీకు టాక్సు తగ్గాలంటే నాది పెరగాలి" అన్నాను. అతను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. బ్యాంకులో వేసిందెంతో అంతకే రసీదులు ఇచ్చాను. దీనికి తిరుగు వేషం వేసే ఓనర్లూ ఉన్నారు, పాన్ ఇవ్వము, రసీదు ఇవ్వము అని. ఇంటి అద్దె ఆదాయంలో రిపేర్లు చేయించినా చేయించకపోయినా ముప్పై శాతం కొట్టేసి మిగతాదానికే పన్ను లెక్కిస్తారు, మున్సిపల్ ట్యాక్సు, లోను వడ్డీ వేరే. అది తెలిస్తే దాచాలన్న ఆరాటం కొంత తగ్గుతుంది.

2020 మార్చి. చందానగర్ ఫ్లాటులో ముగ్గురు కుర్రాళ్లున్నారు (బ్యాచిలర్లు వద్దన్న ఆంక్ష అప్పటికే ఎత్తేశాను). లాక్‌డౌన్ పడగానే ముగ్గురూ బట్టల సంచులతో ఊళ్లకు పోయారు. సామాను లోపలే, తాళం వాళ్ల దగ్గరే. ఏప్రిల్‌లో కిరాయి రాలేదు. ఆ నెలలోనే రాష్ట్ర ప్రభుత్వం మూడు నెలల పాటు కిరాయి అడగొద్దు, తర్వాత వాయిదాల్లో తీసుకోండి అని చెప్పింది. ఇటు రిజర్వు బ్యాంకు మూడు నెలలు ఈఎమ్ఐ ఆపుకోవచ్చంది, తర్వాత ఆగస్టు దాకా పొడిగించింది. ఆపుకుంటే వడ్డీ మాత్రం ఆగదు, అసలు మీద చేరుతుంది. మా ఆయన "పూర్తిగా వదిలేద్దాం" అన్నారు. నాకు మనసొప్పలేదు.

ముగ్గురినీ వాట్సాప్ కాల్‌లో కూర్చోబెట్టాను. ఒకడి ఉద్యోగం పోయింది. ఇద్దరికి జీతం వస్తోంది. "మీరు ఉండట్లేదు కాబట్టి పూర్తి కిరాయి అడగను. మీ సామాను ఉంది కాబట్టి నేను వేరేవాళ్లకు ఇవ్వలేను. సగం ఇవ్వండి. ఆగస్టు దాకా చూద్దాం. తర్వాత వస్తారో రారో నెల ముందు చెప్పండి." రెండు నిమిషాలు గుసగుసలాడుకుని ఒప్పుకున్నారు. ఉద్యోగం పోయిన అబ్బాయి వాటా మిగతా ఇద్దరూ వేసుకున్నారు. సెప్టెంబరులో వచ్చి సామాను తీసుకుపోయారు. అప్పట్లో ఆ బిల్డింగ్‌లో సగం ఫ్లాట్లు ఖాళీ. మా ఫ్లాటుకి అయిదు నెలలు సగమైనా వచ్చింది.

2021 వానాకాలంలో అదే ఫ్లాటుకి లీకేజీ పట్టుకుంది. కామన్ బాత్రూం సీలింగు మీద చెయ్యి పెడితే బూజు చేతికంటుకునేది. కొత్తగా వచ్చిన కిరాయిదారు, ఆయన కాస్త చదువుకున్న మనిషి, నెమ్మదిగా ఒక మెసేజ్ పెట్టాడు: "మేడమ్, మూడు వారాలుగా చెబుతున్నాను. ఈ నెల 5,000 తగ్గించి వేస్తున్నాను." నేను వెనక బెంచీలో పడుకున్న పిల్లాణ్ని చూసినట్టు చూశాను ఆ ఫోన్‌ని. నా తప్పేముంది? నీళ్లు వచ్చేది పై ఫ్లాటు నుంచి. పై ఫ్లాటు ఓనరు అమెరికాలో. ఆయన తరఫున చూసేది తెనాలిలో ఉండే వాళ్ల నాన్నగారు. ఆయన ఫోన్‌లో "మా బాత్రూమా? ఛాన్సే లేదమ్మా, మూడేళ్ల క్రితమే చేయించాం. అది బిల్డింగ్ పైపయ్యుంటుంది, అసోసియేషన్‌ని అడగండి" అన్నారు. అసోసియేషన్ వాళ్లు "అది రెండు ఫ్లాట్ల మధ్య సంగతి మేడమ్" అన్నారు.

ఇలా ఒకరి మీద ఒకరు తోసుకునే గొడవని మాటలతో తెంపలేం. బిల్డింగ్‌కి వచ్చే ప్లంబర్ తెంపాడు. పై ఫ్లాటు కిరాయిదారుని బతిమాలి, ఆ బాత్రూం నహానీ ట్రాప్‌కి (నేల మీది నీళ్లు పోయే కన్నానికి) గుడ్డ కుక్కి, రెండంగుళాల నీళ్లు నిలబెట్టి, బట్టలకు వేసే నీలిమందు సీసా సగం ఒంపాడు. "పొద్దుగాల చూద్దాం" అని వెళ్లిపోయాడు. మర్నాడు ఆరున్నరకి మా కిరాయిదారు ఫోటో పంపాడు. మా సీలింగు మూలన, కమోడ్ పైపు పక్కన, లేత నీలం చుక్క ఒకటి వేలాడుతోంది. ఆ ఫోటోని అలాగే తెనాలికి పంపాను. అరగంటలో ఆయన కాదు, అమెరికా నుంచి కొడుకే ఫోన్ చేశాడు. "సారీ ఆంటీ, నాన్నగారికి తెలీదు. ఎంతవుతుందో చెప్పండి."

ఇక్కడ నేనొక పని చేశాను, అది సరైనదేనని ఇప్పటికీ అనుకుంటాను. మొత్తం ఆయన నెత్తిన వేయలేదు. పై బాత్రూంలో టైల్స్ తీసి వాటర్‌ప్రూఫింగ్ చేయించే ఖర్చు మీది, కింద మా సీలింగు గీకి రంగు వేయించే ఖర్చు మాది అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకోవడం ఫోన్‌లో వినబడింది. వారంలో పని మొదలైంది. మొత్తం అడిగి ఉంటే కొటేషన్ల మీద ఇంకో రెండు నెలలు నడిచేది, మా కిరాయిదారు ఈలోపు వెళ్లిపోయేవాడు. అతను తగ్గించిన 5,000లో 2,500కి సర్దుకున్నాం. తర్వాత తెలిసిందేమంటే, ఓనరు చేయించాల్సిన రిపేరు చెప్పినా చేయించకపోతే కిరాయిదారే చేయించుకుని ఆ ఖర్చు కిరాయిలో పట్టుకోవచ్చని అదే 108వ సెక్షన్‌లో ఉంది. ఆయనకా సంగతి తెలిసి ఉంటే నా దగ్గర అంత నెమ్మదిగా మాట్లాడి ఉండేవాడు కాదేమో.

ఇక హనుమకొండ షట్టర్. దీనికి నెలకు 9,000, అడ్వాన్సు 50,000. సెల్‌ఫోన్లు రిపేరు చేసే అతను ఆరేళ్లుగా ఉన్నాడు. 2022 జూలై నుంచి కిరాయి ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడు, వెళ్తే చాయ్ తెప్పిస్తాడు. "మేడమ్, కరోనా సంది దందా మొత్తం పడిపోయింది. పక్కపొంటి ఇంకో రెండు షాపులు పడ్డయి. యాడికెళ్లి తేవాలె చెప్పుండ్రి?" అబద్ధమాడుతున్నాడని నాకు అనిపించలేదు. కానీ జనవరి వచ్చేసరికి బాకీ ఏడు నెలలు, 63,000. అడ్వాన్సు దాటిపోయింది.

మా మరిది ఊళ్లోనే ఉంటాడు. "వదినా, మాటలెందుకు, రాత్రికి రాత్రి మన తాళం ఏసేద్దాం. లేకుంటే కరెంటు ఫ్యూజు పీకితే తెల్లారేసరికి తనే దిగొస్తడు" అన్నాడు. వినడానికి బాగుంది. నా దగ్గర తొమ్మిదో తరగతి చదివిన ఒకమ్మాయి అక్కడే లాయరు. ఆమెను అడిగాను. "టీచర్, ఆ పని మాత్రం చేయొద్దు. కోర్టు ద్వారా కాకుండా బలవంతంగా వెళ్లగొడితే ఆరు నెలల్లోపు దావా వేసి మళ్లీ లోపలికొచ్చే హక్కు అతనికి ఉంటది. ఓనరెవరన్నది కూడా కోర్టు అడగదు. పైగా లోపల యాభై ఫోన్లున్నయి, పోయినయని స్టేషన్‌ల కాగితం ఇస్తే ఎవరు జవాబు చెప్తరు?" అంది.

మరి దారి? కిరాయి నియంత్రణ చట్టం ఉంది కదా అన్నాను. అది 1960 నాటిది, 2005లో సవరించాక కార్పొరేషన్ పరిధిలో 3,500 దాటిన కిరాయిలకు వర్తించదట. మాది 9,000. అంటే ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసు, ఆపైన సివిల్ కోర్టులో దావా. "ఎన్నాళ్లు పడుతుంది?" అంటే నవ్వింది. ఆ నవ్వుకి నేను రెండు మూడేళ్లని వేసుకున్నాను.

నోటీసు పంపించాం. నోటీసు అందుకున్న రోజే అతను మొదటిసారి తనంతట తాను ఫోన్ చేశాడు. నోటీసు వల్ల మనిషి ఖాళీ చేయడు గానీ, చాయ్ తెప్పించే దశ దాటుతుంది. అప్పుడు మా లాయరమ్మాయి దావా వేయకుండా హనుమకొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టించింది. కోర్టులో కేసు పడకముందే లోక్ అదాలత్‌లో రాజీకి కూర్చోవచ్చు, కోర్టు ఫీజు లేదు. అక్కడ కుదిరిన రాజీకి సివిల్ కోర్టు డిక్రీకున్నంత బలం ఉంటుంది, దాని మీద అప్పీలు ఉండదు. తెల్ల కాగితం మీద పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందానికీ దీనికీ ఆ తేడా ఉంది.

కూర్చునే ముందు నేను ఒక లెక్క రాసుకున్నాను. మార్చి దాకా బాకీ తొమ్మిది నెలలు, 81,000. అడ్వాన్సు 50,000. తేడా 31,000. ఈ 31,000 అతని దగ్గర లేదు, ఉంటే కట్టేవాడే. కోర్టుకు పోతే రెండేళ్ల పాటు నెలకు 9,000 పోతూనే ఉంటుంది. పక్కన షట్టర్లు అప్పటికే 12,000 పలుకుతున్నాయి. కాబట్టి నాకు కావలసింది డబ్బు కాదు, తేదీ. అక్కడ అతను, "మేడమ్, బాకీ నెలకింత కట్టుకుంటూ పోత, షాపు ఉండనియ్యుండ్రి" అన్నాడు. నేను, "బాకీ అడగను. ఉగాది లోపల తాళాలు ఇయ్యి. అడ్వాన్సుతో లెక్క సరి. కరెంటు బిల్లు మాత్రం కట్టిపో. ర్యాకులు, అద్దాల కౌంటరు నీవే తీసుకుపో" అన్నాను. అతను నా వైపు అనుమానంగా చూశాడు. ముప్పై వేలు వదులుకునే ఓనరు అతనికి ఎదురుపడి ఉండదు. నాకూ నోరు పెగిలి వచ్చిన మాట కాదది. మా మరిది బయటికొచ్చాక గంటసేపు మాట్లాడలేదు.

2023 ఉగాది మార్చి 22న. 20వ తారీఖున షట్టర్ తుడిచి మరీ తాళాలిచ్చాడు. ఏప్రిల్‌లో కర్రీ పాయింట్ వాళ్లు 12,000కి దిగారు. నెలకు మూడు వేలు ఎక్కువ, పదకొండు నెలల్లో ఆ ముప్పై ఒక్క వేలు వెనక్కొచ్చాయి. ఇప్పుడు తిరగమోత పొగ మేడ మీదికి వస్తోందని మా మరిది గోల. అది వేరే పంచాయితీ.

నాకు అన్నిటికన్నా బాగా గుర్తున్నది మాత్రం ఆ ఏడాది జూన్ మధ్యలో, మియాపూర్ ఫ్లాటులో. కాకినాడ వాళ్లు అయిదేళ్లుగా ఉన్నారు. కిరాయి 15,000 నుంచి నత్తనడకన 17,000 అయింది. ఈలోపు ఆఫీసులు తెరిచారు, ఊళ్ల నుంచి అందరూ ఒక్కసారిగా వచ్చిపడ్డారు. అదే బిల్డింగ్‌లో మూడో అంతస్తు 24,000కి పోయింది. నా కడుపు మండింది, దాచడమెందుకు. 22,000 అడుగుదామని వెళ్లాను. రాకపోతే ఖాళీ చేయమనడానికి కూడా సిద్ధపడే వెళ్లాను.

అతను 18,000 అన్నాడు. నేను 22,000 దగ్గర కదల్లేదు. "ఆంటీ, అయిదేళ్లలో ఒక్క నెల లేటు చేశామా?" "లేదు బాబూ. అందుకే 24 అడగలేదు." కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. వంటింట్లోంచి వాళ్లమ్మగారు పెసరట్టు ప్లేటుతో వచ్చి కూర్చున్నారు. తాపీగా, నన్ను చూస్తూ, "వచ్చే సోమవారం నుంచి ఆషాఢం అండి. అది పోయాక ఈ యేడు అధిక శ్రావణం వచ్చింది. ఆగస్టు సగం దాకా ఇల్లు మారేవాళ్లెవరుంటారు చెప్పండి? మేం ఎక్కడికి వెళ్తాం, మీ ఇంటికెవరొస్తారు?" అన్నారు.

పంచాంగం నేను చూసుకోలేదు. నిజంగానే ఆ ఏడు ఆషాఢం జూన్ 19న మొదలై, అధిక శ్రావణం ఆగస్టు 16న గానీ పోలేదు. నమ్మకం లేనివాళ్లు ఉంటారు, కానీ కుటుంబాలకు ఇవ్వాలనుకునే ఓనరుకి ఆ రెండు నెలలు బోర్డు కట్టి కూర్చోవడమే. పాప లెక్కల నోటుబుక్కు టేబుల్ మీద ఉంటే వెనక పేజీ తెరిచాను. వీళ్లు వెళ్తే: రెండు నెలల ఖాళీ 48,000, పెయింటింగు 25,000, బ్రోకరుకి సగం నెల 12,000. మొత్తం 85,000. 24,000 బదులు 20,500కి ఉంచితే ఏడాదికి తగ్గేది 42,000. కింద గీత గీసి, పెన్ను అతనికిచ్చాను. "నీ వైపు నువ్వు రాయి బాబూ." అతనూ రాశాడు. ప్యాకర్లు, వాళ్ల వాటా బ్రోకరేజి, కొత్త ఇంటి అడ్వాన్సు, పాప స్కూలు బస్సు రూటు. రెండు అంకెలూ పక్కపక్కనే ఉన్నాయి. ఎవరం గట్టిగా మాట్లాడాల్సిన అవసరం లేకపోయింది.

20,500కి ఒప్పుకున్నాం. ఏటా అయిదు శాతం పెంపు, రెండేళ్ల వరకు మళ్లీ ఈ ప్రస్తావన లేదు. నేను హాలుకి రంగు వేయించి, కిటికీలకు దోమల జాలి బిగించాలి. పెసరట్టు చల్లారిపోయింది, ఇంకొకటి వేసిచ్చారు. వెళ్లేటప్పుడు ఆవిడ గుమ్మం దాకా వచ్చి, "నేనూ రాజమండ్రిలో ఒక వాటా అద్దెకిచ్చానండి" అన్నారు. అదీ సంగతి.

2025లో వాళ్లు బాచుపల్లిలో సొంత ఫ్లాటు కొనుక్కున్నారు. నెల ముందే చెప్పారు. సామాన్లు సర్దుతున్న రోజు నేను వెళ్లి 15,000 ఫోన్‌లో అక్కడికక్కడే వేశాను. మిగతా 15,000 ఏడు రోజుల్లో. గదులన్నీ తిరిగి చూశాను. ఏడేళ్లకి ఇల్లు బాగానే ఉంది. డైనింగ్ దగ్గర వాష్ బేసిన్‌లో మాత్రం, కింది అంచు నుంచి రంధ్రం దాకా, వెంట్రుకలాంటి పగులు.

"ఇది బాబూ..." అన్నాను.

"ఆంటీ, అది మేం వచ్చినప్పటిదే."

ఏడేళ్లలో నా ఫోన్ మూడుసార్లు మారింది. వీడియోను మా అబ్బాయి గూగుల్ డ్రైవ్‌లో పెట్టాడు. అక్కడే నిలబడి వెతికాం. 2018 మే నెల. నా గొంతే వినిపిస్తోంది, "ఇది హాలు, ఇవి స్విచ్చులు, ఇది బేసిను, నల్లా కొత్తది..." అని. బేసిన్ దగ్గర కెమెరా రెండు సెకన్లు ఆగింది. అతను బొమ్మని ఆపి, వేళ్లతో పెద్దది చేశాడు. పగులు ఉంది. ఇప్పటికన్నా కొంచెం పొట్టిగా.

మిగతా 15,000 ఆ సాయంత్రమే వేసేశాను. ప్లంబర్‌కి ఫోన్ చేస్తే బేసిన్, ఫిట్టింగు కలిపి 2,800 అన్నాడు. 2,500కి ఒప్పించాను.